అదే మెట్టు మీద ముల్లు

దస్తగిరికి ఎర్రగట్టు మెట్ల మీద రోజూ ఒకేచోట ముల్లు గుచ్చుకునేది.

గట్టు పైన దర్గా. గట్టు కింద తాత ఉండే రేకుల కొట్టం, దాన్ని ఆనుకుని ఖాసీంబీ టీ కొట్టు. తాత పేరు గులాం పీరు. ఆ పేరు ఆధార్ కార్డులో ఉందంతే, నోటితో పిలిచినవాళ్లు లేరు. ముసల్మానులకూ తాతే, హిందువులకూ తాతే, దారి తప్పి అటు వచ్చిన లారీ డ్రైవర్లకూ తాతే. దస్తగిరి ఆయనకు శిష్యుడు. పగలంతా ఊళ్లో పరుపులు కుట్టుకునేవాడు, పొద్దు వాలగానే గట్టు దగ్గరికొచ్చి తాతతో కలిసి మెట్లెక్కి, పైన దీపం వెలిగించి దిగేవాడు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలైన వరస అది. ఇప్పుడు జుట్టు సగం తెల్లబడింది.

వానలకు ముందు ఈ ముల్లు మొదలైంది. సగం దూరం ఎక్కాక, మెట్లు పక్కకు తిరిగే చోట, దస్తగిరి టక్కున కూలబడేవాడు. కాలు ఒళ్లోకి లాక్కుని అరికాలు తడుముకుంటూ "ముల్లు తాతా" అనేవాడు. తాత కూడా పక్క మెట్టు మీద కూచుని, తలపాగా తీసి మొహం తుడుచుకుని, ఎదురుగా కనిపించే జొన్నచేలు చూస్తూ ఉండేవాడు. కాసేపటికి ముల్లు వచ్చేసేది. ఇద్దరూ లేచేవాళ్లు.

ఆ మెట్లను ఖాసీంబీ రోజూ పొద్దున్నే ఊడుస్తుంది. ఆ చుట్టుపట్ల తుమ్మచెట్టన్నది లేదు. అబద్ధం చెప్పేవాడు కనీసం మెట్టన్నా మార్చాలి కదా. దస్తగిరికి ఆ మాత్రం తోచలేదు పాపం.

ఒకనాటి సాయంత్రం తాత జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగి, దస్తగిరి కాలు పట్టుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

దస్తగిరి ప్రాణం విలవిల్లాడింది. గురువు చేతుల్లో శిష్యుడి కాలు! లాక్కోబోతే తాత వదల్లేదు.

"ఏదిరా ముల్లు?"

"వదలండి తాతా, మీకు దణ్ణం పెడతా."

"కనపడలేదే. రోజూ ఇక్కడే గుచ్చుకుంటోంది కదా, పెద్దదే అయ్యుండాలి."

దస్తగిరి ఇక ఉండబట్టలేకపోయాడు. "అక్కడ కాదు తాతా. ఇక్కడ," అని చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు. "ఈ మెట్టు దగ్గరికి రాగానే పరుపు చుట్టలు మీద పడేసినట్టు ఉంటుంది. కూచుంటే పోతుంది."

"చెప్పలేదేం?"

"చెప్తే ఉరుసుకి గంధం ఇంకొకరి నెత్తిన పెడతారని."

ఆ గంధం సంగతి చెప్పాలి. ఏటా ఉరుసు నాడు ఇత్తడి గిన్నె నిండా గంధం కలిపి, నెత్తిన పెట్టుకుని గట్టెక్కుతారు. కింద ఎత్తుకున్న గిన్నెను పైన సమాధి దగ్గర దాకా నేల మీద పెట్టకూడదు. మధ్యలో ఆగకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆగకపోవడం దస్తగిరి తనంతట తాను తెచ్చిపెట్టుకున్న రివాజు. గుక్క తిప్పుకోకుండా ఎక్కేస్తాడు. వెనక డప్పులవాళ్లు, ఫకీర్లు, పిల్లల తల్లులు, ముసలీ ముతకా ఉరుకులు పరుగుల మీద రావలసిందే. "దస్తగిరి ఎత్తుకున్నాడంటే ఇక ఆగేది పైనే" అని జనం అనుకుంటారు. ఆ మాట వినడం కోసం అతను ఏడాది పొడుగునా ఎదురుచూస్తాడు. ఉరుసు ఇంకా మూడు నెలలుంది.

తాత అతని కాలు మెల్లిగా కింద పెట్టాడు.

"పొద్దున్నే కర్నూలు బస్సు ఎక్కుదాం," అన్నాడు.

కర్నూల్లో గుండె డాక్టరు ఈసీజీ తీయించి, ఆ గీతలు చూసి, వీటితో తేలదు, స్కానింగు చేయించాలని కింది అంతస్తుకు పంపాడు. అక్కడ స్కానింగు చూసే డాక్టరమ్మ పేరు సుహాసిని. చిన్న వయసు, చకచకా మాట్లాడుతుంది. ఇద్దరినీ కూచోబెట్టి చెప్పింది.

"చిన్నాయనా, ఊరికే కూచున్నప్పుడు మీ గుండెకు నెత్తురు చాలినంత అందుతోంది. గట్టెక్కేటప్పుడు అందుతోందా లేదా అన్నది చూడాలి. అందుకని రెండుసార్లు బొమ్మలు తీస్తాం. ఒకటి మీరు ఊరికే ఉన్నప్పుడు. రెండోది, నెత్తురు దారులు బాగా తెరుచుకునే మందు ఇచ్చి. బాగున్న దారులు తెరుచుకుంటాయి, ఇరుకైనవి తెరుచుకోలేవు. మెషీను మీద నడిపించి కూడా తీస్తాం గానీ, మీ ఈసీజీకి మందు పద్ధతే మంచిది."

"గుండెకాయ లోపలున్నది కదమ్మా, బొమ్మ ఎట్లా వస్తుంది?" అన్నాడు దస్తగిరి.

"రేడియోధార్మిక మందు ఒకటి రవ్వంత నరంలోకి ఎక్కిస్తాం. నెత్తురు పోయిన చోటికల్లా అదీ పోతుంది. నెత్తురు బాగా పోయిన చోట వెలుగు కనిపిస్తుంది, తక్కువ పోయిన చోట నీడ కనిపిస్తుంది. కెమెరా దాన్ని పట్టుకుంటుంది."

తాతకు ఇది మహా సంతోషమనిపించింది. కుర్చీలో ముందుకు జరిగాడు. "వీడి గుండెలో వెలుగు మీకు కనపడుతుందన్నమాట."

"కనపడుతుంది తాతా."

"అదృష్టవంతురాలివమ్మా. నేను ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను."

సుహాసిని పకపకా నవ్వింది. దస్తగిరి నవ్వలేదు. అతని ధ్యాసంతా ఉరుసు మీదుంది. బొమ్మలో నీడ కనిపించిందంటే గంధం గిన్నె చెయ్యి జారినట్టే.

"ఎల్లుండి పొద్దున రండి," అంది డాక్టరమ్మ. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు పొద్దున్నుంచీ టీ, కాఫీ, చాక్లెట్టు, రంగు కూల్‌డ్రింకులు ఏవీ ముట్టొద్దు. టీ తాగితే మేమిచ్చే మందు సరిగ్గా పనిచెయ్యదు. జబ్బున్న గుండె కూడా బాగున్నట్టు కనిపించే ప్రమాదముంది."

"మళ్లీ చెప్పమ్మా," అన్నాడు దస్తగిరి.

ఆమె మళ్లీ చెప్పింది. ఇంత శ్రద్ధగా వినే పేషెంటు దొరికినందుకు ముచ్చటపడింది కూడా. తాత మాత్రం శిష్యుడి వైపు ఓరగా చూసి, తలపాగా సర్దుకున్నాడు.

బస్సులో దస్తగిరి కిటికీ పక్కన కూచుని లెక్కలు వేసుకున్నాడు. గుండె ఎక్కడికీ పారిపోదు. ఉరుసు కానిచ్చి, ఆ తర్వాత ఎన్ని బొమ్మలంటే అన్ని తీయించుకోవచ్చు. అప్పటిదాకా గుండె బాగున్నట్టు ఒక్క కాగితం వస్తే చాలు. ఆ పక్కనే తాత హాయిగా కునుకు తీస్తున్నాడు.

మర్నాడు దస్తగిరి అంగడి తెరవలేదు. తాత స్నానానికి వెళ్లిన సందు చూసుకుని ఖాసీంబీ కొట్టు వెనక్కి చేరాడు.

"అక్కా, ఒక టీ."

వద్దంటుందేమో, తాత చెప్పి ఉంటాడేమో అని బెదురుగానే ఉంది. ఖాసీంబీ మారుమాట్లాడకుండా గ్లాసు నింపి ఇచ్చింది. గోడ చాటున నిలబడి తాగాడు.

ఏమిటో, రుచి లేదు. తియ్యగా ఉంది, అల్లం ఘాటు ఉంది, రంగు కూడా ఉంది. టీ తాగినట్టు మాత్రం లేదు. గురువుకు తెలియకుండా తాగితే నాలుక కూడా ఒప్పుకోదు కాబోలు అనుకుని దస్తగిరి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే గ్లాసు ఖాళీ చేశాడు.

ఒక లారీ డ్రైవరు ముందువైపు గొణుగుతున్నాడు. "ఏమ్మా, ఇది టీయేనా?"

"తాగితే తాగు, లేకపోతే గ్లాసు అక్కడ పెట్టు," అంది ఖాసీంబీ. ఆమె రోజూ అంత కటువుగా మాట్లాడదు.

మధ్యాహ్నం ఇంకొకటి తాగాడు, సాయంత్రం మరొకటి. ప్రతిదానికీ రుచి ఇంకా తగ్గుతున్నట్టే అనిపించింది. తాగిన ప్రతిసారీ మనసు చివుక్కుమంది, కానీ నెత్తిన గిన్నె, వెనక డప్పులు, జనం మాటలు తలుచుకుంటే కాళ్లు వాటంతటవే కొట్టు వైపు పోయాయి.

కొట్టంలో తాత మంచం మీద మెడ వంకరగా పెట్టుకుని పడుకున్నాడు. ఆయన దిండు దస్తగిరి కుట్టినదే, మెత్తటి బూరుగు దూది. అటు తిరిగినప్పుడల్లా దాని కింద ఏదో డబడబమంది.

"దిండు సరిగ్గా లేదా తాతా? విప్పి మళ్లీ కుడతాను."

"బాగానే ఉందిరా. ఇవాళ కాస్త గట్టిపడింది," అన్నాడు తాత, మెడ నొక్కుకుంటూ.

పరీక్ష నాడు సుహాసిని కాగితం చేత్తో పట్టుకుని మొదట ఆ మాటే అడిగింది.

"నిన్న టీ గానీ కాఫీ గానీ తాగారా చిన్నాయనా?"

దస్తగిరి నోరు తెరిచాడు. పక్కన తాత నిలబడి ఉన్నాడు. ముల్లు అబద్ధం తప్ప తాత ఎదుట అతను ఇంకే అబద్ధమూ ఆడలేదు. అదీ పట్టుబడింది.

"తాగలేదమ్మా," అన్నాడు తాత. "నాదీ పూచీ."

దస్తగిరికి తల మీద పిడుగు పడ్డట్టయింది. తను అబద్ధమాడి తప్పించుకుందామనుకున్నాడు గానీ, తన అబద్ధానికి తాత పూచీ పడతాడని కలలో కూడా అనుకోలేదు. ఏదైనా అనేలోగానే లోపలికి తీసుకుపోయారు.

చేతికి సూది గుచ్చారు. కాసేపు కూచోబెట్టి, తర్వాత సన్నటి బల్ల మీద పడుకోబెట్టి చేతులు తలపైకి పెట్టించారు. కదలొద్దన్నారు. కెమెరా అతని ఛాతీ చుట్టూ ఎంతో నింపాదిగా తిరిగింది. అవి ఊరికే ఉన్నప్పటి బొమ్మలు. తర్వాత రెండో మందు ఎక్కించారు. ఒళ్లంతా వెచ్చబడింది, మొహం ఆవిరి పట్టినట్టయింది. ఆ వెంటనే ఛాతీ మీద పరుపు చుట్టలు వచ్చి పడ్డాయి, అచ్చం ఆ మెట్టు దగ్గర పడ్డట్టే. టీ తాగితే మందు పారదన్నారు కదా అనుకుని దస్తగిరి తెల్లబోయాడు. సుహాసిని పక్కనే ఉండి, "అయిపోయింది, అయిపోయింది, ఇప్పుడే తగ్గిపోతుంది" అంటూ చెయ్యి పట్టుకుంది. నిజంగానే తగ్గిపోయింది.

మళ్లీ బల్ల, మళ్లీ కెమెరా. కదలకుండా పడుకోవడం కష్టం కాలేదతనికి. మనసును పడుకోబెట్టడమే కష్టమైంది. కాగితం బాగా వస్తే తన గిన్నె తన నెత్తిన ఉంటుంది, తాత మాట మాత్రం మట్టిలో కలుస్తుంది. ఎంత తిప్పి చూసినా లెక్క అక్కడికే వచ్చింది.

బయటికి రాగానే చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా డాక్టరమ్మ గదిలోకి వెళ్లాడు. తాత అక్కడే కూచుని ఉన్నాడు.

"అమ్మా, ఆ బొమ్మలు పారెయ్యండి. నేను నిన్న టీ తాగాను. ఒకటి కాదు, మూడుసార్లు తాగాను, కావాలని తాగాను. తాతకు తెలియదు, ఆయన మాట తప్పు కాదు. తప్పంతా నాది. ఉరుసుకి గిన్నె ఇవ్వకపోయినా ఫర్వాలేదు."

సుహాసిని మొహం ఎర్రబడింది. "అంతగా చెప్పాను కదా చిన్నాయనా..."

"ఎట్లా ఉందిరా టీ?" అని అడిగాడు తాత.

దస్తగిరి తల వంచుకున్నాడు. "చప్పగా ఉంది తాతా."

తాత చేతిసంచిలో చెయ్యి పెట్టి ఒక పాత రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క సొట్టపడి ఉంది. మూత తీస్తే గదంతా టీ పొడి వాసన.

"కొట్టులో ఉన్న ఆకంతా ఇదేనమ్మా. నిన్న పొద్దున్నుంచీ నా తలకింద ఉంది. ఖాసీంబీ బెల్లం మాడ్చి, అల్లం దంచి వేసి పాలు కాచింది. నిన్న గట్టు కింద టీ తాగినవాడు ఒక్కడూ లేడు. పాపం, లారీలవాళ్లు నానా తిట్లూ తిట్టారు. నేనూ అదే తాగాను. మహా ఘోరంగా ఉంది."

సుహాసిని కుర్చీలో వెనక్కి వాలి, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వింది. దస్తగిరికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"నాకొక్కడికీ ఇవ్వొద్దని అక్కకు చెప్తే సరిపోయేది కదా తాతా. అందరినీ మాడ్చడం దేనికి?"

"నీకు లేదంటే ఇంకో కొట్టుకు పోయేవాడివి."

నిజమే, పోయేవాడు.

డాక్టరమ్మ తెర ఇటు తిప్పి చూపించింది. వరసగా గుండ్రటి బొమ్మలు, మధ్యలో చిల్లితో అచ్చం గారెల్లా ఉన్నాయి. "ఈ వరస ఊరికే ఉన్నప్పటిది. ఈ కింద వరస మందిచ్చినప్పటిది." పై వరసలో గారెలు నిండుగా వెలుగుతున్నాయి. కింది వరసలో ప్రతి గారెకూ ఒక పక్క ఎవరో కొరికినట్టు నీడ పడింది.

"చచ్చిపోయిందామ్మా ఆ ముక్క?"

"లేదు చిన్నాయనా. చచ్చిపోతే పై వరసలో కూడా నీడే ఉండేది. చూడండి, ఎంత నిండుగా ఉందో. కండ బతికే ఉంది. దానికి నెత్తురొచ్చే దారి ఇరుకైందంతే. దారి బాగుచెయ్యొచ్చు. మీరు మంచి టైములో వచ్చారు."

దస్తగిరి ఆ పై వరసను చాలాసేపు చూశాడు. తన లోపల ఇంత వెలుగున్నదని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

ఆ వారంలోనే మణికట్టు నరంలోంచి సన్నటి తీగ పంపించి, ఇరుకైన చోట స్టెంటు వేశారు. మాత్రలు ఇచ్చారు, ఉప్పూ నూనే తగ్గించమన్నారు, మొదట ఇంటి ముందు, తర్వాత ఊళ్లో, ఆ తర్వాతే మెట్లు అన్నారు. దస్తగిరి ఈసారి చెప్పింది చెప్పినట్టు చేశాడు. నెల దాటాక ఒక సాయంత్రం తాతతో కలిసి గట్టెక్కాడు. ఆ మెట్టు వచ్చింది. కాలు వేశాడు, దాటాడు. ఏమీ లేదు. ఛాతీలో పక్షి ఈక వాలినంత బరువు కూడా లేదు. నాలుగు మెట్లు పైకి పోయాక వెనక్కి తిరిగి ఆ మెట్టును చూసి చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు.

ఆ తర్వాత రోజూ అంతే. పాత ఊపు వచ్చేసింది. అతను పైకి పోయి దీపం వెలిగించేసరికి తాత ఇంకా మెట్ల మలుపు దగ్గరే ఉండేవాడు.

ఉరుసుకు ముందు డాక్టరు చూసి, మెట్లెక్కమన్నాడు, గిన్నె మొయ్యమన్నాడు, మధ్యలో ఆగి ఆగి ఎక్కమన్నాడు. చివరి మాట ఎందుకో దస్తగిరి చెవిన పడలేదు.

ఉరుసు నాడు తాతే స్వయంగా గిన్నె ఎత్తి దస్తగిరి నెత్తిన పెట్టాడు. డప్పులు మోగాయి. ఊదుబత్తీల పొగ, మల్లెపూల చాదర్లు, పిల్లల చేతుల్లో బూరలు. జనం "దస్తగిరి, దస్తగిరి" అనడం వినిపించింది. ఒళ్లు గాల్లో తేలిపోయింది. గంధం చల్లదనం మాడు దాకా దిగుతుంటే ఒక్క ఊపున మెట్లెక్కసాగాడు.

మలుపు దగ్గర వెనకనుంచి కేక వినబడింది.

"ఒరే, ఆగరా."

డప్పులు ఆగిపోయాయి. దస్తగిరి గిన్నె పట్టుకుని మెల్లిగా వెనక్కి తిరిగాడు. ఆ మెట్టు మీదే తాత కూచుని ఉన్నాడు. తలపాగా ఒళ్లో ఉంది.

"ఏమైంది తాతా? ముల్లా?"

"ముల్లు లేదు, ఏమీ లేదు," అన్నాడు తాత, డప్పులవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా. "ఆయాసంగా ఉంది."

దస్తగిరి ఆ మెట్టు వైపూ, తాత ఒళ్లోని తలపాగా వైపూ చూశాడు.

"ఇదివరకు నీకు రోజూ ముల్లు గుచ్చుకునేది. ఆ కాసేపూ నేనూ కూచునేవాణ్ణి. ఇప్పుడు నీకు ముళ్లు దిగడం మానేశాయి. నేనేం కావాలిరా?"

ఇన్నేళ్లుగా మధ్యలో ఆగని గంధం గిన్నె ఆ రోజు ఆగింది. దస్తగిరి రెండు మెట్లు దిగి తాత పక్కన కూచుని, గిన్నెను జాగ్రత్తగా ఒళ్లో పెట్టుకున్నాడు. అది చూసి వెనకున్న ముసలమ్మ "అమ్మయ్య" అని కూలబడింది. ఆమె వెనక పిల్లల తల్లులు, ఫకీర్లు, డోలు మోసేవాడు, ఒకరి తర్వాత ఒకరు, గట్టు కిందిదాకా అందరూ కూచున్నారు. ఎటు చూసినా ఆ ఒగర్పులే, ఆ నవ్వులే. ఆ మలుపు దగ్గర ఊరందరికీ ఆయాసమేనని దస్తగిరికి అప్పుడు తెలిసింది. వీళ్లందరినీ ఏటేటా తను పరిగెత్తించాడు.

కింద ఖాసీంబీ ఊరుకుంటుందా, కెటిల్ పైకి పంపించింది. మనిషి నుంచి మనిషికి గ్లాసులు అందుకుంటూ వచ్చాయి. ఈసారి నిజం టీ, పొడి దండిగా వేసి కాచింది. తాత ఆత్రంగా చెయ్యి చాపాడు.

దస్తగిరి గ్లాసు అందుకుని ఇవ్వకుండా పట్టుకున్నాడు.

"ఎల్లుండి పొద్దున్నే కర్నూలు బస్సు తాతా. మనిద్దరం పోదాం. రేపు ఆ డబ్బా నా తలకింద ఉంటుంది."

తాత శిష్యుడి మొహంలోకి చూశాడు. తర్వాత గ్లాసు వైపు చూశాడు.

"ఇవాళ్టిది ఇవ్వవా?"

ఇచ్చాడు. తాత ఊదుకుంటూ, గుటక గుటకకూ కళ్లు మూసుకుంటూ తాగాడు. ఖాళీ గ్లాసు చేతికిచ్చి, తలపాగా చుట్టుకుంటూ అన్నాడు.

"దిండులో దూది కాస్త ఎక్కువ వేసుకో. మెడ పట్టేస్తుంది."